తప్పు లేని బాధ్యత

పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అని తేలగానే మన ఇళ్లలో ముందు విచారణ మొదలవుతుంది, వైద్యం ఆ తర్వాతే. స్కానింగ్ చూసిన డాక్టరు ‘అండాశయాల్లో నీటి బుడగలు’ అనగానే బయటి తిళ్లు, అర్ధరాత్రి దాకా ఫోను, హాస్టల్లో మానేసిన నడక అన్నీ వరసగా సాక్ష్యానికి వస్తాయి. ‘నోరు కట్టుకుని ఉంటే ఇదంతా వచ్చేదా’ అని తల్లి బాధతోనే అంటుంది. బాధతో అన్నా అది తీర్పే. దీనికి సరిగ్గా ఎదురు మాట కూడా ఈమధ్య వినిపిస్తోంది. ఇది పుట్టుకతో వచ్చింది, నీ చేతుల్లో ఏమీ లేదు, నిన్ను నువ్వు ఉన్నట్టే ఒప్పుకో అంటారు. మొదటి మాట కంటే ఇది దయ గలది, అందులో సందేహం లేదు. కానీ ఈ రెండు మాటలూ నిలబడింది ఒకే నమ్మకం మీద అని నాకనిపిస్తుంది. తప్పు చేసినవాళ్లకే బాధ్యత ఉంటుందని, తప్పు లేకపోతే చేయాల్సిన పని కూడా లేదని ఆ నమ్మకం. పీసీఓఎస్ ఉన్న స్త్రీ పరిస్థితి ఈ రెంటిలో దేనికీ ఒదగదు. తాను చేయని దాని కోసం ఆమె ఏళ్ల తరబడి రోజూ పనిచేయాలి. ఆ పనిని శిక్షలా కాకుండా చేయడం కుదురుతుందా, అసలు అది ఆమె ఒక్కదాని పనేనా అన్నవే నన్ను పట్టి ఉంచిన ప్రశ్నలు.

ముందు తప్పు సంగతి తేలాలి. 1935లో షికాగో వైద్యులు ఇర్వింగ్ స్టెయిన్, మైకేల్ లెవెంథాల్ ఏడుగురు స్త్రీల గురించి రాసినప్పుడు వాళ్ల కళ్లబడింది ఉబ్బిన అండాశయాలు, ఆగిపోయిన నెలసరి. అందుకే చాలాకాలం దీన్ని అండాశయాల జబ్బుగానే చూశారు. అండాశయంలో కొంత భాగం కోసి తీసేయడమే చికిత్స అనుకున్నారు. ఇన్సులిన్ పాత్ర స్పష్టంగా బయటపడింది 1980ల్లో. స్కానింగ్‌లో కనిపించే ఆ బుడగలు నిజానికి సగంలో ఎదుగుదల ఆగిన అండాల తిత్తులు. కండరాలూ కాలేయమూ ఇన్సులిన్ మాట సరిగా విననప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేస్తుంది. రక్తంలో పేరుకున్న ఆ ఇన్సులిన్ అండాశయం చేత పురుష హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఆ హార్మోన్లను రక్తంలో కట్టి ఉంచే ఒక ప్రొటీన్ కాలేయంలో తయారవుతుంది, ఎక్కువైన ఇన్సులిన్ దాన్ని కూడా తగ్గిస్తుంది. దాంతో టెస్టోస్టిరాన్ అదుపు తప్పుతుంది. గడ్డం కింద ముదురు వెంట్రుకలు, దవడ పొడవునా మొటిమలు, పాపిట దగ్గర పలచబడే జుట్టు, మూడు నెలలకోసారి వచ్చే బహిష్టు వేరువేరు కష్టాల్లా కనిపించినా తీగ లాగితే డొంకంతా ఒకటే. అందరిలోనూ ఇది ఒకే మోతాదులో ఉండదు. సన్నగా ఉండి, కొలిచి తినేవాళ్లలోనూ ఉంటుంది. నెదర్లాండ్స్‌లో కవలల మీద జరిగి 2006లో వెలువడిన అధ్యయనం ఇందులో పెద్ద వాటా వంశపారంపర్యానిదేనని చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి 100 మంది స్త్రీలలో 10 నుంచి 13 మందికి పీసీఓఎస్ ఉంది. వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టు తెలియకుండానే బతుకుతున్నారు. ఇంతమంది స్త్రీలు, ఇన్ని దేశాల్లో, ఒకే రకమైన అశ్రద్ధ చేశారనడం నమ్మదగ్గ మాట కాదు.

తప్పు వెతికే చూపు ఎంత నష్టం చేస్తుందో తెలియాలంటే ఒక్క మెడ చాలు. చాలామంది అమ్మాయిలకు మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, కాస్త మందంగా, ముఖమల్ గుడ్డలా తగులుతుంది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై చర్మకణాలను పెంచుతోందని చెప్పే గుర్తు. ఏ యంత్రమూ లేకుండా, ఎవరైనా, ఏ వెలుతురులోనైనా చూడగలిగిన గుర్తు. కానీ మన స్నానాల గదుల్లో దానికి జరిగే మర్యాద వేరు. సున్నిపిండి పెట్టి, నిమ్మచెక్కతో, పీచుతో రుద్దుతారు. చర్మం ఎర్రబడి మండుతుంది, నలుపు మాత్రం అలాగే ఉంటుంది. ‘సరిగ్గా ఒళ్లు రుద్దుకోదు’ అన్న మాట బంధువుల దాకా పోతుంది. అమ్మాయి జుట్టు విరబోసుకుని మెడ దాచుకోవడం నేర్చుకుంటుంది. డాక్టరు దగ్గర కూడా దాచుతుంది. చాలా ముందుగా, పైసా ఖర్చు లేకుండా షుగర్ ముప్పు గురించి హెచ్చరించగల గుర్తును మనం శుభ్రత లోపంగా చదివి చెరిపేయబోయాం. చెడ్డ మనసుతో చేసింది కాదది. కారణం వెతకాల్సిన చోట దోషం వెతికితే కళ్ల ముందున్నది కూడా కనబడదు.

దీనికో అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ‘నీ తప్పేం లేదు అని చెప్తే పిల్ల ఇంక కదులుతుందా? కాస్త భయం ఉంటేనే కదా నడుస్తుంది, తిండి తగ్గిస్తుంది’ అని పెద్దవాళ్లు అడుగుతారు. భయం నడిపిస్తుంది, ఆ మాట నిజమే. ఎంత దూరం నడిపిస్తుందన్నదే ప్రశ్న. పెళ్లిచూపులకు ముందు రెండు నెలలు రాత్రి భోజనం మానేయడం, పొద్దున్నే నిమ్మరసం, వారం వారం బరువు తూకం, ఆ తర్వాత ఓపిక చచ్చి అన్నీ వదిలేయడం భయం చేయించే పనులు. ఈ స్థితికి అలాంటి పరుగు సరిపోదు. అవాంఛిత రోమాల మీద మందు పనిచేస్తోందో లేదో తెలియడానికే ఆరు నెలలు పడుతుంది, ఎందుకంటే వెంట్రుక పెరిగి రాలే చక్రమే అంత నెమ్మది. శిక్షకు గడువు ఉంటుంది, ఇక్కడ గడువు లేదు. పైగా పీసీఓఎస్ ఉన్నవాళ్లలో దిగులు, ఆందోళన మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తాయి. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్ధారణ జరిగిన ప్రతి స్త్రీలోనూ వీటి కోసం చూడమంటున్నాయి. బరువు పేరుతో జరిగే అవమానమే వైద్యానికి అడ్డొస్తుందని, బరువు గురించి మాట్లాడే ముందు ఆమె అనుమతి తీసుకోవాలని కూడా వైద్యులకు చెబుతున్నాయి. ప్రతిసారీ తూకం దగ్గరే మాట మొదలయ్యే ఆస్పత్రికి ఎవరు మళ్లీ వెళ్తారు? రాకుండా పోయిన రోగికి ఏ సలహా పనిచేస్తుంది? అవే మార్గదర్శకాల్లో ఇంకో సంగతి కూడా ఉంది, మన తల్లులందరికీ తెలియాల్సినది. మొదటి నెలసరి వచ్చి ఇంకా ఎనిమిదేళ్లు నిండని అమ్మాయిలకు స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని నిర్ధారించకూడదు. ఆ వయసులో చాలామందికి అండాశయాలు సహజంగానే అలా కనిపిస్తాయి. ఇంటర్ చదివే పిల్ల రిపోర్టు పట్టుకుని విచారణ మొదలుపెట్టేముందు ఇది గుర్తు రావాలి.

ఇక రెండో వైపు. వంశం నుంచి వచ్చిందంటే ఏం చేసినా ఒకటేనా? ఇక్కడ నేను దయగల మాటతోనూ విభేదిస్తాను. స్వభావం పుట్టుకతో వచ్చినా తీవ్రత పుట్టుకతో ఖరారు కాదు. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కోగలదు. తూకంలో ఒక్క కిలో తగ్గకపోయినా నడక, బరువులెత్తడం ఒంటికి మేలు చేసేది అందుకే. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండరాలకు పని అన్నది మార్గదర్శకాల కనీస లెక్క. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు ఉన్నదాంట్లో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి దారిలో పడుతుంది. ఏమీ చేయకపోతే జరిగేది కూడా ఊహ కాదు. అండం విడుదల కాని నెలల్లో గర్భసంచి లోపలి పొర పెరుగుదలను అదుపు చేసే హార్మోను రాదు. పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే ఆ పొరకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. లెక్కలో అది అరుదైనదే, కానీ ఆపగలిగినది. అందుకే మూడు నెలలు దాటినా బహిష్టు రాకపోతే డాక్టరును కలవాలి. ‘హాయిగా ఉంది, రాకపోతేనేం’ అనుకోకూడదు. ఇక్కడే మాత్రల మీద అనుమానం అడ్డొస్తుంది. హార్మోన్ మాత్రలు వేసుకుంటే ఒళ్లు వాటికి అలవాటు పడుతుందని, తర్వాత పిల్లలు పుట్టరని చెప్పుకుంటారు. పిల్లలు పుట్టరన్న దానికి ఆధారం లేదు. మానేశాక నెలసరి మళ్లీ గతి తప్పితే అది మాత్ర చేసిన చెరుపు కాదు, కింద ఉన్న స్థితి మళ్లీ కనబడటం. రక్తం గడ్డకట్టే స్వభావం, అధిక రక్తపోటు, ఒకరకం మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఆ మాత్రలు పడవు కాబట్టి డాక్టరు అడిగి తెలుసుకుని ఇవ్వాలన్నది మాత్రం నిజమైన జాగ్రత్త. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఏళ్లకేళ్లు వాడేవాళ్లు, ముఖ్యంగా శాకాహారులు, విటమిన్ బీ12 పరీక్ష చేయించుకోవాలి. ‘సహజంగా తగ్గించుకుంటాను’ అన్న పట్టుదలలో గౌరవించదగ్గ ఆత్మాభిమానం ఉంది. కానీ నడకా మాత్రా ఒకదాన్నొకటి ఓడించేవి కావు. మందు తీసుకుంటే ఓడిపోయినట్టు భావించడం కూడా ఆ పాత విచారణ నుంచే వచ్చిందని నా నమ్మకం.

మన దగ్గర ఈ పనికంతటికీ పెట్టుకున్న గడువు పెళ్లి, ఆ తర్వాత కాన్పు. పెళ్లయితే అదే సర్దుకుంటుందంటారు. పెళ్లికి అలాంటి గుణమేమీ లేదు. కాన్పు విషయంలో వైద్యం నిజంగానే ముందుకు వచ్చింది. అండం విడుదలకు మొదటి మందుగా ఇప్పుడు లెట్రోజోల్ ఇస్తున్నారు. 2014లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మందు లేకుండానే తల్లులైనవాళ్లూ ఎందరో ఉన్నారు. నా బాధ ఆ తర్వాతి సంగతి గురించి. బిడ్డ పుట్టగానే ఫైలు అటకెక్కుతుంది. నలభైకి దగ్గరపడేసరికి చాలామందిలో నెలసరి దానంతట అదే క్రమంలోకి వస్తుంది. దాంతో జబ్బు పోయిందనుకుంటారు. నెలసరి చక్కబడినా ఇన్సులిన్ కథ సాగుతూనే ఉంటుంది. షుగరు, రక్తపోటు, కొలెస్టరాల్ పెరిగే వయసు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. వైద్యం చేయించింది ఆమె కోసమే అయితే, ఆమె ఆరోగ్యం మీద శ్రద్ధ కాన్పు గదిలోనే ఎందుకు ఆగిపోయింది? ఈ ప్రశ్నకు మనం చెప్పుకోగల మర్యాదైన జవాబు నాకు కనబడదు.

చివరికి వంటగది. ఏది తినాలన్నదాని మీద ఇప్పుడు ఊరికో శాస్త్రం నడుస్తోంది. కొర్రలు తింటే బుడగలు కరిగిపోతాయని కొందరు, పాలు మానితే చాలని కొందరు. పరిశోధన చెప్పేది ఇంత ఉత్సాహంగా ఉండదు. ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగతావాటికంటే గొప్పదని తేలలేదు. ఆమె ఏళ్ల తరబడి తినగలిగిన, ఒంటికి మంచిదైన ఏ భోజనమైనా సరే. మన కంచానికి దాన్ని అన్వయిస్తే పాలిష్ బియ్యపు అన్నం తగ్గాలి, పప్పూ కూరా గుడ్డూ పెరగాలి, ఉప్మా బదులు పెసరట్టు, కొన్ని రాత్రులు జొన్నరొట్టె. చెప్పడానికి రెండు ముక్కలు. కానీ అందరికీ వండి వడ్డించి, మిగిలిన అన్నంలో మిగిలిన చారు పోసుకునే మనిషికి ఈ కంచం ఎవరు పెడతారు? పొద్దున్న ఆరింటికి క్యారేజీలు కట్టే ఆమె వారానికి 150 నిమిషాలు ఎక్కణ్నుంచి తెస్తుంది? రోజుకు అరగంట నడవమన్న సలహా నిజానికి ఆ అరగంట పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారన్న ప్రశ్న. దాన్ని ఆమె సంకల్పబలానికి వదిలేసి, ఆరు నెలల తర్వాత ‘నీకు పట్టుదల లేదు’ అనడం అన్యాయం.

‘ఒక్కరి కోసం ఇంటిల్లిపాదీ తిండి మార్చుకోవాలా’ అన్నది నేను ఎక్కువగా వినే చివరి అభ్యంతరం. ఒక్కరి కోసమైనా మార్చుకోవాలనే అంటాను. జ్వరం వచ్చినవాళ్లకు జావ కాయడానికి ఎవరూ లెక్కలు వేయరు కదా. అయితే ఈ విషయంలో లెక్క కూడా మన పక్షానే ఉంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీల తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఇన్సులిన్ మాట వినని గుణం మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలు చూపాయి. తమ్ముడికి నెలసరి లేదు కాబట్టి అతని ఒంట్లో గుర్తు ముందుగా బయటపడలేదు, అంతే. అక్క ఒంటికి ముందుగా తెలిసినది ఇంట్లో చాలామందిలో దాగి ఉండొచ్చు. ఆమెకు గ్లూకోజు తాగించి, రెండు గంటలు ల్యాబ్ బయట కూర్చోబెట్టి చేసే షుగర్ పరీక్ష ఒకటి నుంచి మూడేళ్లకోసారి చేయించాలి. ఆ ఉదయం తోడు వెళ్లే నాన్న, తమ్ముడు కూడా కాఫీ తాగకుండా పరగడుపున బయల్దేరితే వాళ్ల రక్తం కూడా అక్కడే ఇచ్చి రావచ్చు.