పాపమునకు శిక్ష ఎక్కడ?



దుర్మార్గునకు దండనము తప్పదను విశ్వాసము మిక్కిలి ప్రాచీనమైనది. మన పూర్వులు దానినే కర్మఫలమనిరి. బలవంతునిచేత బాధింపబడి దిక్కులేక నిలిచినవానికి ఈ విశ్వాసమే ఊఱట. దీనిని మేమును విడువము. కాని యీ సత్యమును మనవారు తలక్రిందులు చేసిన విధమును విచారింపవలసియున్నది.

పాపికి శిక్ష తప్పదనుట యొకటి. బాధపడువాడెల్ల పాపియే యనుట వేఱొకటి. మొదటిది ధర్మము, రెండవది క్రౌర్యము. పెండ్లియన నేమో యెఱుగని బాలిక భర్తను గోల్పోగా, అది పూర్వజన్మ పాపమని చెప్పి, తల గొరిగించి, ఒంటిపూట కూడు పెట్టి, శుభకార్యములందు ముందునకు రానీయక మూల గూర్చుండబెట్టిరి. ఆ బిడ్డను దండించినది ఈశ్వరుడా, బంధువులా? తాము చేసిన నేరమును ఈశ్వరునిపై మోపి, వారు నిశ్చింతగా నిద్రించిరి.

1856వ సంవత్సరమున వితంతు వివాహము చట్టసమ్మతమయ్యెను. అయినను రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించుటకు 1881 డిసెంబరు 11 వఱకు పట్టెను. శాసనము వచ్చినను హృదయము మాఱలేదు. ఆ కార్యమునకు దోడ్పడినవారిని సంఘము వెలివేసెను. పసిదాని కన్నీటికి గారకులైనవారు పంక్తిలో అగ్రస్థానమున గూర్చుండిరి.

అట్లయిన శిక్ష యెక్కడ నున్నదని మీరడుగుదురు. అది మరుజన్మమున గాని నరకమున గాని వేచియుండలేదు, పాపముతోడనే పుట్టినది. కన్నకూతురి యేడ్పు ప్రక్కగదిలో వినబడుచుండగా అన్నము సహించిన తండ్రిని దలచుకొనుడు. మొదటి దినమున ముద్ద గొంతు దిగలేదు. నెల గడిచెను, దిగెను. ఏడాది గడిచెను, ఆ యేడ్పే వినబడలేదు. అదియే శిక్ష. ఏ చెవి బిడ్డ మొఱకు మూసికొనిపోయెనో, ఆ చెవికి అంతరాత్మ పిలుపు మాత్ర మెట్లు వినబడును? అట్టివాని ప్రార్థన పెదవులపై నుండునేగాని లోనికి దిగదు.

అయినను ఈశ్వర దండనము పగ తీర్చుకొనుట గాదు, మేలుకొలుపుట. పశ్చాత్తాపము కలిగిననాడే ఆ చెవి మరల దెఱచుకొనును. కావున రోగిని, దరిద్రుని, అనాథను జూచినపుడు "వాని కర్మ" మను మాట నాలుకపైకి వచ్చెనేని అచ్చటనే నిలుపుదము. వాని పాపమును లెక్కించుట మన పని గాదు. మన కర్తవ్యమును వెదకుటయే మన పని.

పరమేశ్వరా! ఇతరుల దుఃఖమున నీ కోపమును జూడక, మా ధర్మమును జూచు కన్నులను మాకు బ్రసాదింపుము.