మూగజీవుల ఋణము

గృహస్థుడు ప్రతిదినము చేయవలసిన పంచయజ్ఞములలో మన పూర్వులు భూతయజ్ఞమును గూడ చేర్చిరి. తాను భుజించుటకు ముందు మూగజీవులకొక పాలు తీసి యుంచవలెనని దాని తాత్పర్యము. ఇందొక విశేషము గమనింపదగియున్నది. దానిని వారు ఇష్టమైన చేయు దానముగా గాక, తప్పక తీర్చవలసిన విధిగా నెంచిరి. దానము చేయనివానిని లోకము లోభి యనును. ఋణము తీర్చనివానిని మోసగాడనును. మనకొరకై పాటుపడి, పనికి రానిదైన జంతువును కడవరకు పోషించుట దానమా, ఋణమా? ఈ ప్రశ్నను పాఠకుల యెదుట నుంచదలచితిని.

ఇటీవలి కాలమున ఈ ప్రశ్న చింపాంజీల విషయమై అమెరికా దేశమున గట్టిగా తలయెత్తినది. చింపాంజీ ఆఫ్రికా అడవులలో నివసించు తోకలేని వానరము. శరీరధర్మములలో మానవునికి మిక్కిలి దగ్గరి చుట్టము. ఆ చుట్టరికమే దానికి చేటు తెచ్చినది. 1961 జనవరి 31వ తేదీన హామ్ అను చిన్న చింపాంజీని రాకెట్టులో నెక్కించి అంతరిక్షమునకు పంపిరి. అది ప్రాణములతో తిరిగివచ్చిన మూడు నెలలకు అలన్ షెపర్డ్ అను అమెరికా దేశీయుడు ఆ మార్గముననే వెళ్లివచ్చి కీర్తి గాంచెను. హెపటైటిస్ బి అను కాలేయవ్యాధి చింపాంజీలకును సోకును గనుక, దాని టీకా పనిచేయునో లేదో తెలిసికొనుటకు వానిపై పరీక్షలు జరిపిరి. 1986 తరువాత ఎయిడ్సు పరిశోధనకని వాని సంతతిని పెంచిరి. కాని ఆ వ్యాధి మనుష్యులలోవలె వానిలో ముదరకపోవుటచే, అవి అక్కరకు రాక బోనులలోనే మిగిలిపోయినవి.

“ఎక్కడి అమెరికా, ఎక్కడి షోలాపురము! ఆ అప్పు మనది కాదుగదా” యని కొందరనవచ్చును. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, శ్రీ వరప్రసాదరెడ్డి గారి నాయకత్వమున, హెపటైటిస్ బి టీకాను మన దేశముననే తయారుచేసి చౌకగా నందించినపుడు తెలుగువారమందరము గర్వించితిమి. నేడు మన సాఖర్‌పేటలో పుట్టిన బిడ్డకును సర్కారు దవాఖానాలో ఆ టీకా వేయుచున్నారు. ఆ జాతి టీకా మేలు చేయునని లోకమునకు రుజువుపరచినవానిలో ఆ బోనులలోని ప్రాణులును కలవు. కావున ఆ అప్పులో మన బిడ్డల వంతును కొంత చేరియున్నది.

2000 సంవత్సరాంతమున అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసి, ప్రయోగములు ముగిసిన తన చింపాంజీలను అక్కరలేదని చంపరాదనియు, జీవితాంతము శరణాలయమున పోషింపవలెననియు విధించినది. లూసియానా రాష్ట్రమునందలి చింప్ హేవెన్ అను శరణాలయము 2005లో వానిని చేర్చుకొన నారంభించినది. ఆ చట్టము ననుసరించి పోషణవ్యయములో నూటికి 75 పాళ్లు ప్రభుత్వమును, తక్కిన 25 పాళ్లు శరణాలయమును భరింపవలెను. ఇది మెచ్చుకొనదగిన కార్యమే. అయినను ఋణములో మూడు పాళ్లు చెల్లించి, నాలుగవ పాలును దాతల దయకు విడిచినట్లయినది. 2015 నవంబరులో అచటి జాతీయ ఆరోగ్యసంస్థ తన చింపాంజీలన్నింటికిని విశ్రాంతి ప్రకటించినది.

ఇంతకన్న కఠినమైన ఉదాహరణము పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దేశమున కలదు. న్యూయార్క్ బ్లడ్ సెంటర్ అను సంస్థ అచట 1970వ దశకము నుండి చింపాంజీలపై కాలేయవ్యాధుల పరిశోధన జరిపి, పని ముగిసిన పిదప వానిని నదీద్వీపములలో విడిచి ఆహారము పంపుచుండెను. 2015 మార్చిలో ఆ సొమ్మును నిలిపివేసినది. ఆ ద్వీపములలో వానికి సరిపడు తిండియు, త్రాగునీరును లేవు. అప్పుడు 66 చింపాంజీలను, చిరకాలముగా మేపుచున్న స్థానిక పనివారే జీతముల ఆశ లేకయు విడువక పడవలపై ఆహారము చేరవేసిరి. పిమ్మట జంతుసంరక్షణ సంఘములు ఆదుకొనినవి. తమకట్టి ఒప్పందమేదియు లేదని వాదించిన ఆ సంస్థ తుదకు 2017లో 60 లక్షల డాలర్లిచ్చుటకు సమ్మతించినది.

ఒప్పందము లేదన్న ఆ మాటను కొంచెము విచారింతము. మన పేటలో నోటిమాటపై నూలు అరువు తెచ్చుకొన్నవాడు, కాగితము లేదు గనుక బాకీయే లేదనిన, వానినెవరైన మరియొకమారు గడప త్రొక్కనిత్తురా? సంతకము చేయజాలని ప్రాణితో వ్యవహరించునపుడు మన మనస్సాక్షియే పత్రము. అది లేదనుట ఏరు దాటి తెప్ప తగలవేయుటయే.

మన దేశమును ఈ విషయమున వెనుకబడియుండలేదు. సింహములు, పులులు మొదలగువానిచే ఆటలాడించుట నిషేధింపబడగా, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును ఖాయపరచెను. సర్కసుల నుండి విడిపించిన సింహములకును, పులులకును విశాఖపట్టణమునందును, తిరుపతియందును రక్షణకేంద్రములు నెలకొల్పిరి. వానికి సంతానము కలుగనీయక, ఉన్నవానిని ఆయువు తీరువరకు పోషించుట అచటి నియమము. ప్రయోగశాలల విషయమున, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద ఏర్పడిన కమిటీవారు, ప్రయోగానంతర పోషణవ్యయమును పరిశోధన ఖర్చులోనే చేర్చవలెనని మార్గదర్శకములలో వ్రాసియున్నారు. నా దృష్టిలో ధర్మసూక్ష్మమంతయు ఇందే యున్నది.

ముప్పదియైదేండ్లు చిట్టా ఆవర్జాలు వ్రాసిన గుమాస్తాను గనుక నాకు తెలిసిన భాషలో చెప్పెదను. పవర్‌లూము కొన్న యజమాని ఏటేట తరుగుదల పద్దు వ్రాయును. ఇనుపయంత్రము అరుగునని మొదటి దినముననే ఎరిగినవాడు, ప్రాణి ముసలిదగునని ఎరుగకుండునా? పని మొదలుపెట్టినప్పుడే పద్దు వ్రాసినచో, కడపట ఎవరిని యాచింపనక్కరలేదు.

ఇచట మన పేటవారు న్యాయముగా నొక ఆక్షేపణ చేయుదురు. పగలు రేయి మగ్గములపై నిలిచిన మనవారిలో ఎందరికో చెప్పుకొనదగిన ఫించను లేదు. బీడీలు చుట్టిచుట్టి వేళ్లరిగిన తల్లుల గతియు నట్టిదే. మనుష్యులకే దిక్కులేనపుడు కోతులకు శరణాలయములా? ఈ ఆక్షేపణలోని బాధ నాకును కలదు. కాని ఒక్క సంగతి యోచింపుడు. నేతగాని బాకీ యెగవేసినది చింపాంజీ కాదు. ఇరువురి బాకీలును ఎగవేయించునది ఒక్క బుద్ధియే: పనిచేసినన్నాళ్లు ఉంచుకొని, పని ఉడిగిన దినమున సంబంధము తీరెననెడి బుద్ధి. దానిని ఒక చోట తప్పని ఒప్పుకొన్న సమాజము రెండవచోట ఒప్పని వాదించుట కష్టము. నేతగాని పక్షమున మాటాడదలచినవారికి ఈ వాదము బలమే యగును గాని లోటు గాదు.

ధర్మరాజు తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లననెను. ఆ కుక్క తన ఇష్టమున వెంబడించినది. ఈ ప్రాణులనో మనమే పట్టి తెచ్చితిమి. కావున మన బాధ్యత అంతకన్న హెచ్చు. మన సంఘములవారు చేయదగిన పనియు కలదు. విశాఖ, హైదరాబాదు జంతుప్రదర్శనశాలలలో, నియమితమైన సొమ్ము చెల్లించి ఒక జంతువు పోషణను స్వీకరించు పద్ధతి యున్నది. శుభకార్యముల ఖర్చునుండి ఏటేట కొంత తీసి, పదికుటుంబములు కలసి ఒక ప్రాణి పోషణను వహించినచో బాగుండును. ఆ మొత్తమును దానధర్మముల పద్దున గాక బాకీల పద్దున వ్రాయవలెనని నా విన్నపము.