మడ్ టైర్లతో మంచుకొండ ఎక్కొద్దు, అల్లుడూ

నువ్వు జీప్ రాంగ్లర్ కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి మురిసిపోతూ చెప్పింది. ఫొటోలూ పంపింది. బండికి వంక పెట్టను. కొలరాడోలో ఉంటూ కొండల మీద మనసు పడ్డవాడికి అంతకంటే మంచి జోడు దొరకదు. కాకపోతే నీకు అమ్మినాయన దానికి 35 అంగుళాల మడ్ టైర్లు వేయించి ఉంచాడని ఫొటో చూడగానే తెలిసింది. "ఇలాంటి టైర్లుంటే మంచు ఒక లెక్కా మామయ్యా" అని నువ్వు రాసిన మాట చదివాక ఊరుకోలేకపోయాను. డిసెంబరులో మీ అమ్మానాన్నలు అరోరా వస్తున్నారు. వాళ్లను బ్రెకెన్‌రిడ్జ్ తీసుకెళ్లి మంచు చూపిస్తానన్నావు. తప్పకుండా చూపించు. ఆ టైర్ల మీద మాత్రం వద్దు.

ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఒకసారి బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ టైరును దగ్గరగా చూడు. పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు, వాటి మధ్య రెండు వేళ్లు దూరేంత సందులు కనిపిస్తాయి. ఆ సందులు ఉన్నది బురదను బయటికి చిమ్మడానికి. చక్రం తిరిగేకొద్దీ సందుల్లో పేరుకున్న బురద ఊడిపోవాలి, దిమ్మ మళ్లీ శుభ్రంగా దిగబడి నేలను తన్నాలి. మనూళ్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు బిగించే ఇనుప చక్రాలు నువ్వూ చూశావు. మడిలో వాటికి తిరుగులేదు. గట్టు దాటి తారు రోడ్డెక్కితే అటు చక్రానికీ మంచిది కాదు, ఇటు రోడ్డుకీ మంచిది కాదు. మడ్ టైరు కూడా అలా ఒక నేల కోసం పుట్టిన చక్రమే.

మంచుతో పని వేరు. మంచును గట్టిగా పట్టుకునేది మంచే. గుప్పెడు తీసుకుని నొక్కితే ఉండ కడుతుంది గదా, అదే సూత్రం. చలికాలపు టైరు తన సందుల్లో కాస్త మంచును ఇరికించుకుని ఉంచుకుంటుంది. ఆ మంచు రోడ్డు మీది మంచుతో పెనవేసుకుని పట్టు ఇస్తుంది. మడ్ టైరేమో బురదనుకుని దాన్ని కాస్తా విసిరిపారేస్తుంది. ఇక రెండో సంగతి. మంచి వింటర్ టైరు దిమ్మల మీద సన్నని గాట్లు వందల్లో ఉంటాయి. సైపులంటారు వాటిని. బండి బరువు పడ్డప్పుడు ఆ గాట్లు కొద్దిగా విచ్చుకుని, ఒక్కో అంచూ మంచును గీరి పట్టుకుంటుంది. నీ టైరు దిమ్మలు చాలావరకు నున్నగా ఉంటాయి. రాళ్ల మీద నడిచే రబ్బరుకు అన్ని గాట్లు పెడితే ముక్కలుగా ఊడొస్తుందని వాటిని తక్కువ పెడతారు. ఆ పనికి అది సరైన నిర్ణయమే.

అన్నిటికంటే ముఖ్యం రబ్బరు మెత్తదనం. సుమారు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ కిందికి వచ్చేసరికి మామూలు రబ్బరు బిగుసుకోవడం మొదలుపెడుతుంది. రాతి దెబ్బకు తట్టుకునేలా చేసిన మడ్ టైరు రబ్బరు అసలే గట్టిది. వింటర్ టైరు రబ్బరులో సిలికా వంటివి కలిపి, ఎముకలు కొరికే చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. జనవరిలో తెల్లవారుజామున బయటికెళ్లి నీ టైరు దిమ్మ మీద గోరు గుచ్చి చూడు. పక్కింటివాళ్ల బండికి వింటర్ టైర్లుంటే దాని మీదా గుచ్చి చూడు. నేను చెప్పేదానికంటే ఆ గోరు బాగా చెబుతుంది.

మడ్ టైరు మంచులో అసలు పనికిరాదని నేననను. అడుగు లోతు కొత్త మంచు పడిన అడవి దారిలో, ఇంకా ఏ బండీ తొక్కనిచోట, అది తవ్వుకుంటూ దూసుకెళ్తుంది. మంచు కింద గట్టి నేల ఉన్నంతవరకూ దాన్ని అందుకుంటుంది. మంచు మరీ లోతైతే మాత్రం అదే గుణం ఎదురు తిరుగుతుంది. తనకు తానే గొయ్యి తవ్వుకుని ఇరుసుల దాకా కూరుకుపోతుంది. ఐస్లాండులో హిమనదాల మీద తిరిగేవాళ్లు 38 నుంచి 44 అంగుళాల టైర్లు వేసి, గాలి మూడు నాలుగు పీఎస్‌ఐ దాకా తీసేసి, మంచును తవ్వకుండా దాని మీద తేలుతూ పోతారు. అది గొప్ప విద్య. దానికి తగిన రిమ్ములు, గాలి మళ్లీ కొట్టుకునే పంపు, తోడుగా ఇంకో బండి కావాలి. దానికీ, నువ్వు రోజూ ఆఫీసుకెళ్లే దారికీ పొత్తు లేదు.

నీకు ఎదురయ్యే మంచు ఏది? వేల బండ్లు తొక్కి తొక్కి గట్టిపడిన మంచు. పగలు ఎండకు కరిగి, సాయంత్రానికి గడ్డకట్టిన పొర. వంతెనల మీద, కొండ నీడ పడే మలుపుల్లో కంటికి కనపడని బ్లాక్ ఐస్. మడ్ టైరు బలహీనత సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. ఇంకో విషయం గుర్తుపెట్టుకో. ఐసు బాగా గడ్డకట్టిన చలిలో కంటే కరిగే దశకు దగ్గరగా, సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడే ఎక్కువ జారుతుంది. "ఇవాళ చలి తగ్గింది, ఫరవాలేదు" అనుకున్న రోజునే జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు అసలు మాట. మనవాళ్లు నలుగురు కలిస్తే "ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా" అని ధీమాగా అంటారు. బయల్దేరడానికి అది నిజంగా సాయం చేస్తుంది. ఇంజను బలం నాలుగు చక్రాలకూ పంచుతుంది కాబట్టి పక్కన కార్లు చక్రాలు గిరగిర తిరుగుతూ ఉన్నచోటే ఉండిపోతే నువ్వు హాయిగా కదిలిపోతావు. కానీ బ్రేకు ప్రతి బండికీ నాలుగు చక్రాలకే ఉంటుంది. ఆగడంలో నీ జీపుకు చిన్న కారు మీద ఏ అదనపు బలమూ లేదు, పైగా బరువు ఎక్కువ. ఆపేది రోడ్డుకు ఆనిన నాలుగు చోట్ల రబ్బరు, అంతే. ఫోర్ వీల్ డ్రైవ్ చేసే పెద్ద కీడు ఏమిటంటే, కదిలేటప్పుడు జారుడు తెలియనివ్వదు. తెలిసేసరికి నువ్వు నలభై మైళ్ల వేగంలో ఉంటావు.

నువ్వు ఇంజనీరువి, లెక్క చూపిస్తే నమ్ముతావు. ఘర్షణ పొడి రోడ్డు మీద 0.7 అనుకో, తొక్కిన మంచు మీద 0.2, ఐసు మీద 0.1. గంటకు 30 మైళ్ల మీద బ్రేకు తొక్కితే పొడి రోడ్డు మీద దాదాపు 43 అడుగుల్లో ఆగుతావు. తొక్కిన మంచు మీద 150 అడుగులు. ఐసు మీద 300 అడుగులు. నీ కాలు బ్రేకు మీదికి వెళ్లే లోపల పోయే దూరం ఇందులో లేదు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. టైరు చేయగలిగిందల్లా ఆ 0.2ను కొంచెం పెంచడమో తగ్గించడమో. అయితే ఆ కొంచెంలోనే ముందు బండికి గుద్దుకోవడమూ, గుద్దుకోకపోవడమూ ఉన్నాయి.

బ్రెకెన్‌రిడ్జ్ దారినే తీసుకో. ఐ-70 మీద డెన్వరు నుంచి ఎక్కుతూ ఐసెన్‌హోవర్ టన్నెల్ చేరతావు. అది 11,000 అడుగులకు పైన ఉంది. ఎక్కేటప్పుడు అంతా బాగుంటుంది, మడ్ టైర్ల మీద కూడా జీపు గర్వంగా ఎక్కుతుంది. టన్నెల్ దాటి సిల్వర్‌థోర్న్ వైపు బయటపడగానే 7 శాతం దాకా వాలుతో రోడ్డు కిందికి దిగుతుంది. బ్రేకులు పోయిన లారీల కోసం అక్కడ పక్కన ప్రత్యేకంగా ఎదురెక్కుడు దారులు కట్టారంటేనే ఆ వాలు సంగతి తెలుసుకో. ముందు స్కీయింగుకి పోయే కార్ల బారు ఒక్కసారిగా ఎర్ర లైట్లు వెలిగిస్తుంది. వెనక సీట్లో మీ అమ్మ ఉంటుంది. ఆ క్షణంలో టైరు ఎంత బలంగా కనిపిస్తుందన్నది ఎవడికీ పట్టదు.

టైరు పక్కన రాసి ఉన్న గుర్తులు కూడా చదవడం నేర్చుకో. ఎం ప్లస్ ఎస్ అని ఉంటే మడ్ అండ్ స్నో అని. అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి, సందులు ఎంతున్నాయన్నదాన్ని బట్టి వేసే గుర్తు. మంచులో నడిపి పరీక్షించి ఇచ్చింది కాదు. నీ మడ్ టైర్లకూ అది ఉండే ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు ఉన్న బొమ్మ వేరే. అది 1999లో వచ్చింది. దానికి తొక్కిన మంచు మీద నిజంగా పరీక్ష చేస్తారు. మొదట పెట్టిన గీత, ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు ఉండాలని. ఆ పరీక్ష కూడా బండి ముందుకు లాగే పట్టునే కొలుస్తుంది. బ్రేకు, మలుపు, ఐసు ఇవేవీ అందులో రావు. క్యూబెక్‌లో 2014 డిసెంబరు నుంచి చలికాలంలో ఈ కొండ గుర్తే కావాలంటున్నారు. జర్మనీ 2024 అక్టోబరు నుంచి ఒట్టి ఎం ప్లస్ ఎస్‌ను ఒప్పుకోవడం మానేసింది. మన కొలరాడో ఇంకా ఒప్పుకుంటోంది. ఐ-70 మీద డాట్‌సెరో నుంచి మోరిసన్ వరకు సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ చట్టం ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ట్రెడ్ 3/16 అంగుళం లోతుంటే చాలంటుంది. కాబట్టి పోలీసు నిన్ను ఆపడు. ఆపలేదు కదా అని నువ్వు నిశ్చింతగా ఉండకు.

అందుకని నా సలహా ఇది. బండిని ఎక్కువగా ఊళ్లోనూ ఐ-70 మీదా నడుపుతావు కాబట్టి అసలైన వింటర్ టైర్లు నాలుగు కొను, రెండు కాదు. కంపెనీ నుంచి రాంగ్లర్ స్పోర్టుకు వచ్చే 245/75 ఆర్ 17 సైజు చూడు. నీ ఇప్పటి టైరు పన్నెండున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. ఇది పదికి లోపు. సన్నటి టైరు తడిమంచును కోసుకుంటూ కిందనున్న రోడ్డును అందుకుంటుంది, గొలుసులు వేయాల్సి వస్తే వాటికీ చోటుంటుంది. పాత 17 అంగుళాల రిమ్ములు ఎవరో ఒకరు చవకగా అమ్ముతూనే ఉంటారు. ముందటాయన స్పీడోమీటరును 35 అంగుళాలకు సరిచేయించి ఉంటే షాపులో చెప్పి మళ్లీ మార్పించు.

ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే ఓపిక లేదంటావా, కొండ గుర్తున్న ఆల్ టెరెయిన్ టైర్లు వేయించు. బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2 లాంటివి ఉన్నాయి. వాటి దిమ్మలు దగ్గరదగ్గరగా ఉంటాయి, గాట్లు ఎక్కువ. ఐసు మీద వింటర్ టైరుకు సాటిరావు కానీ మడ్ టైరు కంటే చాలా నయం. సగం అరిగేదాకా బాగా పనిచేస్తాయి, ఆ తర్వాత చట్టం ఒప్పుకున్నా మంచులోకి తీసుకెళ్లొద్దు. ఎవరి దగ్గరైనా వాడినవి కొంటే టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ముదిరిన రబ్బరు ట్రెడ్ ఎంతున్నా గట్టిపడిపోతుంది.

గాలి సంగతి మర్చిపోకు. పది డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం 50 ఉండి తెల్లారేసరికి 10కి దిగే ఇక్కడ నాలుగు పీఎస్‌ఐ తేడా వచ్చేస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చూసి కొట్టించు. ఇంకొకటి, నీ జీపుది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ అయితే పొడి రోడ్డు మీద అది వేసి ఉంచకు, గేర్లు బిగుసుకుంటాయి.

మొదటి మంచు పడ్డాక టైరు షాపుల ముందు బార్లు తీరతారు. అక్టోబరులోనే వేయించేసుకో. వేయించాక యాభై నుంచి వంద మైళ్ల లోపు నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి, అది వాళ్లు కూడా చెబుతారు. విప్పిన మడ్ టైర్లు పెట్టుకోవడానికి నీ అపార్టుమెంటులో చోటుండదు. మా గ్యారేజీలో ఎడమవైపు గోడ ఖాళీ చేయిస్తాను. శనివారం నాలుగూ వేసుకుని వచ్చెయ్, మీ అత్తయ్యకు కూడా చెప్పి ఉంచుతాను.