ఫోనుకో అరుగు

జనవరి తెల్లవారుజాము, లంబసింగి. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున్న ఆ ఊరిని స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. ఆరుబయట ఉంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. మంచులో ఫోటోలు తీస్తూ గంట గడిపాను. 40 శాతం చూపిస్తున్న నా పాత ఫోను ఉన్నట్టుండి గుడ్లు తేలేసింది.

చలికి వేళ్లు కొయ్యబారి, రోడ్డు పక్క టీ బడ్డీలోకి దూరాను. వేడెక్కితే లేస్తుందని ఫోనుని పొయ్యి గట్టు మీదే పెట్టాను. టీ సగం తాగేసరికి దాని అద్దం నిండా చెమ్మ. కెమెరా కన్ను లోపల కూడా మసక. తువ్వాలుతో తుడిచాను, మళ్లీ పట్టింది. సంచిలోంచి పవర్ బ్యాంకు తీసి తగిలించబోతుంటే మా మేనల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. విశాఖలో ఫోన్లు బాగుచేసే కొట్టు వాడిది.

"మావయ్యా, కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్."

ఫోను ఎందుకు ఆగిందో వాడు కొబ్బరినూనెతో చెప్పాడు. చలికాలం సీసా నిండా నూనె ఉంటుంది, బోర్లిస్తే చుక్క రాలదు. బ్యాటరీలో లిథియం అయాన్లు కూడా చలికి అలాగే మందగిస్తాయి. లోపలి నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. ఖాళీ అయిపోయానని ఫోను పొరబడుతుంది. ఛార్జి ఎక్కడికీ పోలేదు. పేరుకున్న నూనెని మనం ఎండలో పెడతాం తప్ప పొయ్యి మీద పెట్టం కదా! సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెడితే మరీ చేటు. లిథియం లోహమై ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది, ఆ దెబ్బ మళ్లీ పూడదు.

మరి చెమ్మ? మంచు కురుస్తుందని అంటాం గాని, ఆకు మీది మంచుబిందువు పైనుంచి రాలేది కాదు. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ ఉన్ని పింజలను రాత్రంతా ఆరుబయట ఉంచి, తెల్లవారాక తూచి చూసి, 1814లో ఆ సంగతి పుస్తకంగా రాశాడు. చల్లబడ్డ వస్తువు చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరే దాని మీద నీరవుతుంది. వేడన్నం క్యారియర్‌లో సర్ది వెంటనే మూత బిగిస్తే అమ్మ ఎందుకు కోప్పడేదో ఇప్పుడు తెలుస్తోంది.

దీనికి కొండలే ఎక్కనక్కర్లేదు. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో 24 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతిదానికీ చెమట పడుతుంది. విశాఖలో 22 డిగ్రీల ఏసీ కొట్లోంచి వేసవిలో బయటికొస్తే కళ్లజోడు మసకబారేది అందుకే. నీటిలో పడ్డా ఏమీ కాదని పెట్టె మీద రాసిన ఫోనులోకీ గాలి వెళ్తూ వస్తూనే ఉంటుంది, గాలి వెంట ఆవిరీ వెళ్తుంది. లోపల తడి ఉండగా కరెంటు పారితే తుప్పుకి ఇక అడ్డేముంది!

మేనల్లుడి ఫోను మాత్రం జిప్ కవరులో ఉంది. బడ్డీలోకి రాకముందే, చలిలోనే, అందులో పెట్టి మూతి బిగించాడు. కవరు పైన నీటిబొట్లు, లోపల ఫోను పొడిగా ఉంది. అలా ఓ గంట ఉంచితే చాలట, లోపల చల్లదనం తగ్గిపోతుంది. తడిసిన ఫోనుని బియ్యం డబ్బాలో దాచే మన అలవాటు గురించి అడిగితే నవ్వాడు. నలుసులు లోపలికి పోతాయి, వద్దని ఆపిల్ సంస్థే 2024లో చెప్పింది.

మా నాయనమ్మ ఎండన పడి వచ్చిన వాళ్లకి గుమ్మంలోనే మంచినీళ్లిచ్చేది కాదు. "కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చో, చెమట ఆరనీ" అనేది. చాదస్తమనుకునేవాణ్ణి. అరుగు అటు వీధీ కాదు, ఇటు ఇల్లూ కాదు. వచ్చిన మనిషి వీధిని కొంత అక్కడ వదిలేసి లోపలికి వచ్చేవాడు. ఇప్పుడు మా ఫ్లాటులో లిఫ్టు తలుపు తెరుచుకుంటే ఎదురుగా మా తలుపే. ఆఫీసులో రాజుకున్న చిరాకు ఆరకుండానే మా ఆవిడ ఎదుట నిలబడతాను. ఏదో అంటాను. అన్నది తుడవబోయి ఇంకో మాటంటాను, అద్దం మీద తువ్వాలులాగే. జిప్ కవరు చూస్తుంటే, ఇరవై రూపాయలు చెయ్యని ఆ ప్లాస్టిక్ సంచి ఫోనుకి అరుగులా కనిపించింది.

నా ఫోనుని వాడు పూర్తిగా ఆపేసి, సిమ్ ట్రే బయటికి లాగి, పొడిగుడ్డలో పెట్టి తన ఒళ్లో ఉంచుకున్నాడు. ఘాట్ దిగుతున్నంతసేపూ నా చెయ్యి నాలుగుసార్లు అటు వెళ్లింది. నాలుగుసార్లూ వాడు ఇవ్వలేదు. నర్సీపట్నం దాటాక కెమెరా కన్ను తేటపడిందని చూసుకుని, అప్పుడు ఇచ్చాడు.

ఆన్ చేశాను. 36 శాతం ఉంది.