నీళ్లు చెడటం మన ఖర్మ కాదు





ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే "ఏం చేస్తాం, మన ఖర్మ" అంటారు పెద్దవాళ్లు. దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా ఈ మాట ఇంకా పోలేదు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు తథాగతుణ్ణి ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనని కొందరు అంటున్నారు, మీరేమంటారని. అలా అనేవాళ్లు పొరబడుతున్నారన్నాడు బుద్ధుడు. పిత్తం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, తగిలిన దెబ్బ వల్ల కూడా బాధ పుడుతుందని చెప్పాడు. అంటే రోగానికి కారణం ఈ లోకంలోనే ఉంది. దాన్ని వెతకమన్నదే ధమ్మం.

ఇప్పుడు ఖర్మకు కొత్త పేరొచ్చింది. "అభివృద్ధి కావాలంటే కొంత భరించాలి" అంటున్నారు. ఎవరు భరించాలి? ఫ్యాక్టరీ యజమాని ఆ వాగు పక్కన కాపురం ఉండడు. ఆ బోరు నీళ్లు తాగడు.

హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరును చూడండి. 1970ల నుంచి అక్కడ ఫ్యాక్టరీలు వచ్చాయి. కూలి చేసుకునేవాళ్ల పిల్లలకు జీతాలు వచ్చాయి, కాదనలేం. అక్కడ తయారైన మందులు దేశదేశాలకు పోయాయి. విషపు నీళ్లు మాత్రం నక్కవాగులో పడి మంజీర దాకా పోయాయి. 1990లోనే దీనిమీద సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ తర్వాత కూడా సంగతి ఎలా ఉందంటే, సుమారు 90 మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! 2009లో వచ్చిన మరో పరిశోధనలో చుట్టుపక్కల చెరువుల్లో, ఊరి బావుల్లో కూడా మందుల జాడ దొరికింది. అలాంటి నీళ్లలో బతికిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. రేపు బిడ్డకు జ్వరమొస్తే అదే మందు పనిచెయ్యకపోవచ్చు. ఇది ఉంటే అది పుడుతుంది. పటిచ్చ సముప్పాదమంటే ఇదే.

మరి ఫ్యాక్టరీలే వద్దా? బాబాసాహెబ్ అలా అనలేదు. చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలోనే పరిశ్రమలు రావాలన్నారు. పల్లెను పొగిడేవాళ్లను ఆయన నమ్మలేదు. మనకు పల్లె అంటే వెలివాడే కదా! కానీ 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగిందీ ఆయనే. కార్మిక శాఖ చూసినప్పుడు ఫ్యాక్టరీ పనిగంటలు తగ్గించడానికి పాటుపడిందీ ఆయనే. ఆయన కోరిన అభివృద్ధిలో పని, మనిషి ఒళ్లు, నీళ్లు మూడూ ఉన్నాయి. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది కూడా మాదిగపల్లె తాగే చెరువు నీళ్లు పాడు చెయ్యొద్దని అడిగినందుకే. నీళ్లు మనకు ఎప్పుడూ ఆత్మగౌరవం మాటే.

బుద్ధుడు ధనాన్ని తిట్టలేదు. పువ్వును చెడగొట్టకుండా తేనెటీగ తేనె కూడబెట్టినట్టు సంపాదించమని సిగాలుడికి చెప్పాడు. ఉపాసకుడు చెయ్యకూడని ఐదు వ్యాపారాల్లో విషం అమ్మడం ఒకటి. అమ్మడమే తప్పయినప్పుడు, ఊరి వాగులోకి ఊరికే వదలడం ఒప్పెలా అవుతుంది? నీళ్లలో ఉమ్మెయ్యవద్దని భిక్ఖువులకు వినయ నియమమే ఉంది. మనం కూడా చెత్త తీసుకెళ్లి చెరువులో వెయ్యకూడదు.

"మాట్లాడితే మావాడి ఉద్యోగం పోతుంది" అని భయపడే తల్లులున్నారు. ఆ భయం నిజమే. అందుకే ఒక్కళ్లు మాట్లాడకూడదు, విహారమంతా మాట్లాడాలి. ఆదివారం వందన అయ్యాక ఊరి నీళ్ల సంగతి ఎత్తండి. ఎవరింట్లో ఏ జబ్బు, ఎప్పటినుంచి, ఏ బోరు నీళ్లు అని రాసిపెట్టండి. కాలుష్య నియంత్రణ మండలికి తేదీ వేసి, సంతకాలతో అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి. కొత్త ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఆడవాళ్లతో సహా వెళ్లండి. ఉద్యోగమూ అడగండి, శుభ్రమైన నీళ్లూ అడగండి. రెండిట్లో ఒకటే ఎంచుకోమనేవాడి మాట నమ్మకండి.

దుఃఖం ఉంది. దానికి కారణం ఉంది. కారణాన్ని తొలగించవచ్చు. దానికి మార్గం ఉంది. నక్కవాగుకైనా, మీ ఊరి చెరువుకైనా ఈ నాలుగు సత్యాలే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!