సైబీరియా ఎరగని గూడబాతు

ఏలూరుకో తాడేపల్లిగూడేనికో అమెరికా నుంచి మనవలు దిగితే, వాళ్లకి ఏమేం చూపించాలో పెద్దవాళ్లు ముందే అనుకుని ఉంచుతారు. ద్వారకా తిరుమల దర్శనం, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి, ఆ తర్వాత కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం. అక్కడ పడవెక్కగానే తాతగారు గొంతు సవరించుకుంటారు. ‘‘ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి వచ్చాయిరా!’’

గూడబాతు (పెలికాన్) విషయంలో ఆ మాట తప్పు. చలికాలంలో ఉత్తరదేశాల నుంచి కొల్లేరు సరస్సుకి బాతులు వలస రావడం నిజమే. కానీ ఆటపాక చెట్ల మీదా, అటవీశాఖ వేయించిన స్టాండ్ల మీదా గూళ్లు కట్టే గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షి. పొదిగేదీ పిల్లల్ని సాకేదీ ఇక్కడే. పక్కన నిలబడే ఎర్రకాళ్ల కొంగదీ అదే సంగతి.

మరి సైబీరియా ఎందుకొచ్చింది? దూరం నుంచి వస్తేనే మర్యాద కనక. ఏడాది పొడుగునా వీధిలో తిరిగే కుర్రాడికి లేని కోడికూర, విమానం దిగిన మనవడికి ఉంటుంది కదా!

ఈ పక్షుల గురించి బయటికి చెప్పినవాడూ బయటివాడే. 1946లో కొల్లేరు ప్రాంతంలోని ఆరేడులో గూడబాతుల నెలవును గమనించింది కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ. పాఠాలు చెప్పడం వృత్తి, పక్షుల్ని చూడటం సరదా. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో దాని మీద వ్యాసం రాశాడు. తర్వాత ఇందుచూడన్ పేరుతో ఆయన మలయాళంలో రాసిన కేరళ పక్షుల పుస్తకం అక్కడ ఎందరికో ఈ సరదా అంటించింది. ఆరేడువాళ్లకి ఆ పక్షులు కొత్తవి కావు. కొత్త కాదు కనకే ఎవరికీ చెప్పాలనిపించి ఉండదు. 1978లో అదే జర్నల్లో ఇంకో వ్యాసం వచ్చింది, ఆ నెలవు పోయిందని.

తర్వాత కొల్లేరు కాగితాలకెక్కింది. 1999లో ఐదో కాంటూరు (ఎత్తుని బట్టి గీసిన హద్దు గీత) దాకా అభయారణ్యం, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితా, 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేయడం. కాంటూరు అన్న మాట ఇక్కడ టీకొట్టు బల్ల మీద కూడా వినిపిస్తుంది, ఎక్కువగా కోపంగానే.

వీటన్నిటికంటే పాతది పక్షి పేరు. గూడ అంటే కాలవలో నీళ్లు పొలంలోకి తోడిపోసే బుట్ట. చెరోపక్కా ఒక మనిషి తాళ్లు పట్టుకుని ముంచి, ఊపి, ఒంపేవారు. గూడబాతు చేసే పనీ దాదాపు అదే. ముక్కు నీళ్లలో ముంచుతుంది, కింది సంచి ఉబ్బుతుంది, తల వంచి నీళ్లు ఒంపేసి, ముక్కెత్తి చేపని మింగుతుంది. పేరు పెట్టినవాడు గూడ వేసి వేసి చేతులు కాయలు కాసిన రైతే అయ్యుండాలి. మోటార్లొచ్చి గూడలు పోయాయి. ఇప్పుడా మాట పక్షిని పట్టుకుని బతుకుతోంది.

ఆ పేరేమిటని మనవడు అడిగితే సైబీరియా తాతగారు ఇరుకున పడతారు. భుజం మీది తువ్వాలు తీసి రెండు కొసలు తను పట్టుకుని, తక్కిన రెండూ పడవవాడి చేతికిస్తారు. ఇద్దరూ కలిసి ఖాళీ గాలిని రెండుసార్లు తోడేసరికి పడవ ఓ పక్కకి ఒరుగుతుంది.

‘‘తాతయ్యా, కూర్చో!’’