పావుగంట యెవరి సొత్తు?

వేసవి వచ్చినదనిన చాట్రాయి పరిసరములందలి మామిడితోటలలో ఎండ ముదురకమునుపే కోత మొదలగును. చిక్కము కట్టిన గడతో, తొడిమ విరుగకుండ, సొన అంటకుండ కాయను దించువారికిని, దించిన కాయను నీడకు చేర్చువారికిని, బంగినపల్లిని రసములనుండి వేరుచేసి పేర్చువారికిని కాలమానము గడియారము కాదు, పూట. ఆ పూట యెక్కడ మొదలై యెక్కడ ముగియునో నిర్ణయించువాడు మాత్రము కూలివాడు కాడు. సాయంకాలము లారీ నిండుటకు మరియొక పావుగంట పట్టినయెడల అది పూటలోనే కలిసిపోవును. ఉదయమున ఆటో దొరకక పావుగంట వెనుకబడిన స్త్రీకి పూటకూలియే తెగిపోవుట కలదు. ఒకే పావుగంట ఒకచోట శూన్యముగను, వేరొకచోట పూటంతగను లెక్కకు వచ్చుట ధర్మమేనా?

అమెరికాలో నిమిషములను ఇట్లు సరిచేయు సవరణకు శాసనసమ్మతియే కలదు. రాకపోకల వేళలను ఐదు నిమిషములకో, గంటలో పదవ వంతుకో, పావుగంటకో సరిచేసి వ్రాసికొనవచ్చును. అయితే కాలక్రమమున పనివారికి చేసిన పనికంతకు వేతనము ముట్టితీరవలెను. ఏడు నిమిషములు విడిచి, ఎనిమిదింటిని పావుగంటగా గ్రహించుట అచ్చటి వాడుక. భోజనవిరామము విషయమున ఈ సవరణ చెల్లదని 2021లో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మొత్తముమీద సరితూగినచో చాలునను వాదము నాకు రుచింపదు. ఒకరు పోగొట్టుకొన్న నిమిషములు మరియొకరికి చేరినంతమాత్రమున పోగొట్టుకొన్నవారికి న్యాయము జరిగినట్లా? అదియునుగాక, ఆలస్యమునకు దండన యున్నచోట భయపడువాడు ముందుగానే వచ్చును. ముందు వచ్చిన నిమిషములు లెక్కకు రావు. నియమము ఇరువైపులకు సమముగ కనుపించుచునే భయపడువాని వైపు మొగ్గును.

పతంజలి యమములలో అస్తేయమును, అనగా పరుల సొత్తు హరింపకుండుటను, చేర్చినాడు. పరుల ధాన్యమును అపహరించినవాడు తిరిగి ధాన్యము కొలిచి ఋణవిముక్తుడు కావచ్చును. అపహరించిన కాలమును కొలిచి యిచ్చుట ఎవరి తరము? నిమిషములకై ఇంత విచారమేలయని యందురేమో. త్రుటి మొదలు ముహూర్తమువరకు కాలమును విభజించి చెప్పిన కౌటిల్యుడే, వేతనము ఈయనివానికి అందు పదవవంతు గాని ఆరు పణములు గాని దండముగ విధించినాడు. అంత సూక్ష్మముగ కాలమును కొలువనేర్చిన దేశమున, కూలివాని యెడల మాత్రము కొలత సాధ్యము కాదనుట తగదు.

అయినను సవరణ యంతయు పాపమని నేననను. మన పల్లెల ప్రార్థనామందిరములలో వినిపించు మత్తయి సువార్త 20వ అధ్యాయమున ఒక ద్రాక్షతోట యజమానుడు, తెల్లవారుజామున వచ్చినవారికిని, ప్రొద్దుగ్రుంకుటకు గంట ముందు వచ్చినవారికిని ఒకే దేనారము ఇచ్చినాడు. ముందు వచ్చినవారు సణిగిరి. వారి సణుగుడు అకారణము కాదు, కాని ఒప్పుకొన్న కూలిలో వారికి తగ్గినదేమియు లేదు. అతడు గంటను దినముగ సవరించి, ఆ భారమును తానే వహించినాడు. ఆంగ్ల రచయిత రస్కిన్ 1860లో తన వ్యాసములకు ఈ కథనుండియే పేరు గ్రహించెను. 1904లో దక్షిణాఫ్రికా రైలులో ఆ వ్యాసముల గ్రంథమును చదివిన గాంధీజీ 1908లో దానిని సర్వోదయమను పేర గుజరాతీలో వెలయించినారు. సవరించువాడు నష్టమును తాను భరించిన అది దానము. ఎదుటివానిపై మోపిన అది చౌర్యము.

కొలత సూక్ష్మమైనంతనే ధర్మము సిద్ధింపదు. ఉపాధిహామీ పనులలో 2023 జనవరి 1 నుండి రెండు పూటల ఫొటోలతో సెల్‌ఫోనులో హాజరు వేయుట తప్పనిసరి యైనది. సిగ్నలు అందక ఫొటో ఎక్కనినాడు, గుంట త్రవ్విన చేతులకంటె ఎక్కని చిత్రమే గట్టి సాక్ష్యమగుచున్నది.

తోటల యజమానులును, కోతలు పట్టు వ్యాపారులును రాబోవు కోతకాలమున, వచ్చిన వేళను, వెళ్లిన వేళను కూలివారి యెదుటనే పుస్తకమున వ్రాసి, మిగిలిన నిమిషములను వారి వైపే చేర్చి చెల్లింపవలెనని నా మనవి.